పట్నం బతుకులో పాలమూరు, నల్లగొండ
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాస పాఠం)

1921 నవంబరులో హైదరాబాద్‌లోని వివేకవర్ధిని హాలులో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షులు. ఒకరు ఇంగ్లిషులో మాట్లాడారు, ఇంకొకరు ఉర్దూలో, మరొకరు మరాఠీలో. సభ శ్రద్ధగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టారో లేదో, హాలంతా గేలి, గోల. ఆయన ప్రసంగం ముందుకు సాగలేదు. మనసు కష్టపెట్టుకున్న తెలుగువాళ్లు కొందరు లేచి బయటికి వచ్చేశారు. ఆ రాత్రే ఒక మిత్రుని ఇంట్లో కూర్చుని ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు.

నిజాం రాజ్యంలో అప్పటికి దాదాపు సగం జనం తెలుగువాళ్లే. అయినా రాజధానిలో వాళ్ల భాషకు దక్కిన మర్యాద అది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు గడవకముందే, 1949లో, అదే పట్నంలో ఒక పాలమూరు మనిషి రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అచ్చయింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. అందుకోవడానికి సురవరం ప్రతాపరెడ్డి లేరు. 1953 ఆగస్టులోనే కన్నుమూశారు. గేలి నుంచి గౌరవం దాకా సాగిన ఆ ముప్పై ఏళ్లలో హైదరాబాద్‌కు ఏం జరిగింది, ఎవరు చేశారు, ఆ పని ఇప్పుడు ఎవరు చేయాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

కళలు, సాహిత్యం ఉంటే మహానగరం వర్ధిల్లుతుందని అందరూ ఒప్పుకుంటారు. అయితే ఆ కళను మోసుకొచ్చే మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడు, పొద్దున ఎక్కడ తింటాడు, తన మాట ఎక్కడ అచ్చేయించుకుంటాడు, తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీ ఎవరిస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. హైదరాబాద్ చరిత్రలో ఈ ప్రశ్నలు వేసుకుని, చేతనైనంత మేర జవాబు చూపినవాళ్లలో చాలామంది పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లే.

మొదటి జవాబు ఒక గ్రంథాలయం. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముగ్గురి పేర్లు ముందు చెప్పుకోవాలి: మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆ సంస్థానంలో దివానుగా ఉన్న కొమర్రాజు వేంకటలక్ష్మణరావు, నల్లగొండ ప్రాంతం నుంచి పట్నం చేరిన రావిచెట్టు రంగారావు. చుట్టూ నిజాం ఊళ్లుండగా మధ్యలో ఇంగ్లిషువాళ్ల కింద కృష్ణా జిల్లా భాగంగా ఉండేది మునగాల. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. ఈ ముగ్గురికీ రెండు వైపుల లోకమూ తెలుసు. అయిదేళ్లు తిరిగేసరికి, 1906లో, ఇదే బృందం విజ్ఞానచంద్రికా మండలిని పెట్టి శాస్త్రం, చరిత్ర తెలుగులో అచ్చేయడం మొదలుపెట్టింది. తెలుగులో రసాయన శాస్త్రం, జీవ శాస్త్రం చదువుకోవచ్చని చూపిన మండలి తెలుగును గేలి చేసిన పట్నంలోనే పుట్టిందన్న సంగతి మరిచిపోవద్దు.

గ్రంథాలయం ఎందుకంత ముఖ్యమైంది? సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే హుకుం వచ్చాక మరీ బిగిసింది. ప్రైవేటు బడి పెట్టాలన్నా అడ్డంకులే. అలాంటి రోజుల్లో పదిమంది ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి మిగిలిన తావు పఠనాలయమే. పేపరు చదవడానికి వచ్చినట్టు వచ్చేవాళ్లు, రాజ్యం గురించి మాట్లాడుకుని వెళ్లేవాళ్లు. నల్లగొండలో షబ్నవీసు వెంకటరామనరసింహారావు 1922లో ‘నీలగిరి’ పత్రిక పెట్టారు. అదే ఏడాది ఓరుగల్లు వైపు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ వెలువడింది. జిల్లా కేంద్రమూ, పల్లెటూరూ తెలుగు పత్రిక నడిపి చూపించాయి.

రెండో జవాబు ఒక వసతిగృహం.

రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టారు. పోలీసు ఉద్యోగంలో కింది మెట్టు నుంచి ఎదిగి 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయ్యారు. 1934 దాకా ఆ పదవిలో ఉన్నారు. నిజాం దర్బారులో కొత్వాల్ మాటకు ఎంత విలువ ఉండేదో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. ఆ విలువను ఆయన ఎక్కువగా ఖర్చుపెట్టింది పిల్లల తిండి, చదువుల మీద. 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. సంస్థానాధీశులను, దేశముఖులను అడిగి విరాళాలు తెచ్చారు. పేరులో కులం ఉన్న మాట నిజమే. ఆ కాలపు వసతిగృహాలు చాలావరకు కులాల పేర్ల మీదే నడిచాయి, ఆ గోడల బయట ఉండిపోయిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు. ఆ లోపాన్ని దాచనక్కరలేదు. అయినా ఆ గోడల లోపల జరిగింది పెద్దది. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి కుర్రాడు రావి నారాయణరెడ్డి అక్కడ ఉండి చదువుకున్నారు. తర్వాత ఆయన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడయ్యారు, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీతో పార్లమెంటుకు వెళ్లారు.

ఆ హాస్టల్‌కు సుమారు పదేళ్లు కార్యదర్శిగా ఉన్నది ప్రతాపరెడ్డిగారే. సొంతూరు గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు. వకాలతు పాసయ్యారు, ఆ దారిలో పోయి ఉంటే డబ్బుకు లోటుండేది కాదు. ఆయన పిల్లల మధ్య ఉన్నారు. వాళ్లకు గ్రంథాలయం కూర్చారు, తెలుగు చదివించారు, ఉపన్యాసాలిప్పించారు. ఆ వాతావరణంలోనే 1926 మే 10న ‘గోలకొండ’ పత్రిక మొదటి సంచిక వచ్చింది. వారానికి రెండుసార్లు. సంపాదకీయం రాయడం దగ్గర నుంచి ప్రూఫులు దిద్దడం దాకా చాలా పని ఆయన చేతి మీదుగానే నడిచింది. రకరకాల కలం పేర్లతో ఆయనే వ్యాసాలు, కథలు రాసి కాలమ్‌లు నింపిన రోజులున్నాయి. సర్కారు కళ్లు పత్రిక మీద ఉండేవి. అయినా రైతు కష్టం, వెట్టిచాకిరి, గ్రంథాలయాల మీద ఆంక్షలు, అన్నీ రాశారు. 1947లో అది దినపత్రిక అయింది.

‘గోలకొండ’ చేసిన పనుల్లో ఒకటి కొంచెం ఆగి చెప్పుకోదగ్గది. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాసేశాడు. దానికి ప్రతాపరెడ్డిగారు వాదోపవాదాల జోలికి ఎక్కువ పోలేదు. పత్రికలో ప్రకటన వేశారు: కవులు తమ పద్యాలు, వివరాలు పంపాలని. ఊళ్ల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. సంస్థానాల ఆస్థాన కవులు పంపారు, పల్లెటూరి పంతుళ్లు పంపారు, ఎన్నడూ అచ్చు ముఖం చూడనివాళ్లు పంపారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వచ్చింది. అందులో 354 మంది కవులున్నారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట సంస్థానాలు తరతరాలుగా పండితులకు ఈనాములిచ్చి పోషించిన ఫలితం ఒక్క పుస్తకంలో, రాజధానిలో, అందరి కళ్లముందూ పడింది. పాలమూరు మెట్ట నేలకు వానలు తక్కువ, పద్యానికి మాత్రం కరువు లేదని ఆ సంచిక తేల్చేసింది. హైదరాబాద్‌లో అచ్చుయంత్రం, తపాలా, ఒక సంపాదకుడి ఓపిక ఉండబట్టి అది సాధ్యమైంది. పట్నం, పల్లె కలిసి పనిచేస్తే ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు.

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదివినవాళ్లకు ఇంకో సంగతి గుర్తుంటుంది. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ జాతరకు పోయారు అని వెతికిన పుస్తకం అది. ఓరుగల్లు నగర జీవితాన్ని తెలుసుకోవడానికి ప్రతాపరెడ్డిగారు ‘క్రీడాభిరామం’ అనే పాత కావ్యం మీద ఎంతో ఆధారపడ్డారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా కాకతీయుల రాజధాని వీధుల్లో తిరుగుతారు. పల్నాటి వీరుల కథ పాడేవాళ్లు కనిపిస్తారు, పొట్టేళ్ల పందెం, కోడిపందెం, మాచల్దేవి చిత్రశాల, రకరకాల దేశపు మనుషులు. మధ్యలో ఆకలేస్తే పూటకూళ్లింట్లో ఒక రూకకు కడుపునిండా భోజనం. గమనించాలి: మహానగర వైభవం చెప్పడానికి కూర్చున్న కవి కోటగోడల మీద కాలం గడపలేదు. వీధిలో పాట పాడేవాణ్ణి, బొమ్మలు గీసే ఇంటిని, చవకగా అన్నం పెట్టే ఇల్లాలిని చూపించాడు. పాట పుట్టింది పల్నాటిలో, వినిపించింది ఓరుగల్లులో. ఏడు వందల ఏళ్ల కిందటి నగరానికే ఆ అమరిక ఉంది.

కళ వల్ల పట్నానికి డబ్బు కూడా వస్తుంది. దాని గురించి మాట్లాడటానికి సిగ్గుపడనవసరం లేదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలుపెట్టిన నుమాయిష్ 1946లో నాంపల్లికి మారింది. ఇప్పటికీ ఏటా జనవరి 1న తలుపులు తెరుస్తుంది. అక్కడ వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థలు నడిపింది. నేత చీర, చెక్కబొమ్మ, అద్దకం బట్ట అమ్ముడుపోయిన మైదానం ఆడపిల్లల కాలేజీకి జీతాలిచ్చింది.

నుమాయిష్ దుకాణాల్లో వేలాడే పోచంపల్లి చీర వెనక ఏముందో దగ్గర నుంచి చూడాలి. పేక నూలును ముందు ఆసు పోయాలి. మగ్గం ఇంట్లో ఒక అర్ధచంద్రం పట్టెకు మేకుల వరస ఉంటుంది. ఎదురుగా ఒకే ఒక మేకు. ఇల్లాలు కూర్చుని దారాన్ని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చుట్టుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. భుజం పడిపోతుంది, కళ్లు లాగేస్తాయి, వరస తప్పిందా డిజైనే తప్పుతుంది. ఆసు అయ్యాక మగవాళ్లు, ఆడవాళ్లు కూర్చుని గీత గీసుకుని, రంగు పడకూడని చోటల్లా రబ్బరు పట్టీలు బిగించి చుడతారు. దాన్నే చిటికి కట్టడం అంటారు. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మరో చోట కట్టి మళ్లీ ముంచి, ఇన్ని జరిగాక గాని మగ్గం ఎక్కదు. అంచు ఎక్కడ తిరగాలో, పువ్వు ఎక్కడ విచ్చాలో నూలులోనే రాసి ఉంటుంది.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే పద్మశాలి యువకుడు తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేయడానికి పూనుకున్నారు. చదువు పెద్దగా లేదు, డబ్బు లేదు. బతుకుతెరువుకు హైదరాబాద్ చేరి పనిచేస్తూ, అక్కడ దొరికిన మోటార్లు, విడిభాగాలు, చూసిన యంత్రాల తెలివి కలుపుకుని 1999లో ‘లక్ష్మీ ఆసు యంత్రం’ పూర్తిచేశారు. చీరకు పట్టే గంటలు ఒకటిన్నరకు దిగాయి. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ మీద 2019లో సినిమా కూడా వచ్చింది. పట్నం, పల్లె మధ్య రాకపోకలకు ఇది అసలైన సాక్ష్యం: పల్లె చీరను ఇచ్చింది, పట్నపు పారిశ్రామికవాడ ఆ చీర నేసే ఇంటి ఆడవాళ్ల భుజాలకు విశ్రాంతి తిరిగి ఇచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. నూలు ఒళ్లు, పట్టు అంచు కలిపే గద్వాల చీర, నారాయణపేట చీర, పుట్టపాక తేలియా రుమాలు, వీటన్నిటికీ పెద్ద బజారు హైదరాబాదే. వాటి మీద లాభం తీసుకునే దుకాణాల పన్నులతో పట్నం నడుస్తోంది.

ఇక పాలమూరు కూలీల సంగతి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించుకుపోయిన జనం నాగార్జునసాగర్ దగ్గర రాళ్లు మోశారు, ఎన్నో రాష్ట్రాల ఆనకట్టల దగ్గర మట్టి తవ్వారు, హైదరాబాద్‌లో మేడలు లేపారు. వాళ్లు పట్నానికి ఒళ్లు మాత్రమే తెచ్చారని చాలామంది అనుకుంటారు. తెచ్చిన మూటలో పాట ఉన్నది. గోరటి వెంకన్న పుట్టిన తెలకపల్లి మండలం గౌరారం వలసల నేలే. ఊరు ఎందుకు ఏడుస్తోందో చెప్పే ఆయన పాట 2002లో ‘కుబుసం’ సినిమాతో తెలుగు దేశమంతా పాకింది. ఆయన పట్నపు గల్లీల మీదా, అందులో ఇరుక్కుని బతికే బీదల మీదా పాట కట్టారు. 2021లో ‘వల్లంకి తాళం’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నల్లగొండ వైపు చూస్తే సుద్దాల హనుమంతు సాయుధ పోరాటంలో బుర్రకథ, గొల్లసుద్దుల బాణీల్లో జనాన్ని కదిలించారు. ఆయన పాట 1980లో విడుదలైన ‘మాభూమి’ సినిమాతో పట్నం కుర్రకారుకు చేరింది. కొడుకు సుద్దాల అశోక్‌తేజ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. హైదరాబాద్ సినిమా పరిశ్రమ ఈ జిల్లాల గొంతుకు ఎంత రుణపడి ఉన్నదో ఎవరైనా కూర్చుని లెక్క రాస్తే మంచి పరిశోధన అవుతుంది.

దర్శనం మొగులయ్య కథ దగ్గర ఆగాలి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు; చూడటానికి తేలికగా ఉంటుంది గాని మెట్టు మీద వేలు ఒక్క గీత తప్పితే స్వరం తప్పుతుంది. దాని మీద పండుగ సాయన్న కథ పాడతారు. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టిన ఆ పాలమూరు వీరుడు బతికి ఉన్నది మొగులయ్య వంటి డక్కలి గాయకుల నోళ్లలోనే. 2021లో విడుదలైన ఒక పెద్ద సినిమా పాటలో మొగులయ్య గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ దగ్గర భవన నిర్మాణంలో కూలి పని చేస్తున్నారని పత్రికలన్నీ రాశాయి.

కూలి పని తక్కువది కాదు. పాలమూరులో ఆ మాట ఎవరూ అనరు. బాధ ఎక్కడంటే, ఆ చేతికి తెలిసిన విద్య తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది కూడా లేరు. ఆ విద్య ఇంకొకరికి నేర్పుతూ కూర్చోవలసిన పూటలు ఇటుకల దగ్గర పోయాయి. దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణ పట్టుకుని తెలుగు, కన్నడ తత్వాలు పాడతారు. 2024లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. పతకం ఒకరోజు పండుగ. నెలనెలా బియ్యం వేరే సంగతి.

2004 నుంచి హైదరాబాద్ తాగుతున్న కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా కోదండాపురంలో శుద్ధి అయి గొట్టాల్లో వెళతాయి. వాడుకున్న నీళ్లు మూసీలో పడి మళ్లీ నల్లగొండకే వస్తాయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఏ రంగులో, ఏ వాసనతో వస్తాయో మూసీ ఒడ్డు రైతులను అడగాలి. పాట విషయంలోనూ చాలాకాలంగా అదే జరుగుతోంది: మంచిది పట్నం తీసుకుంటుంది, వాడగా మిగిలింది పల్లెకు వస్తుంది. చరిత్ర సంగతీ అంతే. చరిత్రకారుడు బి.ఎన్. శాస్త్రి ఆ నది పేరుతోనే ‘మూసీ’ మాసపత్రిక నడిపి, ఊరూరా శాసనాలు వెతికి, నల్లగొండ, పాలమూరు చరిత్రను పుటలకెక్కించారు. పానగల్లు, పిల్లలమర్రి, రాచకొండ, ఫణిగిరి గురించి ఇవాళ పట్నంలో సెమినార్లు జరుగుతున్నాయంటే వెనక అలాంటి ఒంటరి శ్రమ ఉంది.

బయటి ప్రపంచం వైపు ఒక చూపు. 1947లో, యుద్ధం ముగిసిన కొద్ది కాలానికి, స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో పెద్ద కళోత్సవం పెట్టారు. పిలుపు లేకుండానే ఎనిమిది నాటక బృందాలు వచ్చి, దొరికిన హాళ్లలో ఆడాయి. ఆ నగరం వాళ్లను పొమ్మనలేదు. పిలవని వాళ్లతో మొదలైన ఆ రెండో పండుగ ఇవాళ ప్రపంచంలోనే పెద్ద కళోత్సవాల్లో ఒకటి. ఆగస్టు వస్తే ఆ ఊళ్లో గది దొరకదు. మన పొరుగున మద్రాసు సంగతి చూసినా అంతే. తంజావూరు దర్బారు పోషణ తగ్గాక విద్వాంసులు మద్రాసు చేరారు. 1927 కాంగ్రెస్ సభలతో పాటు జరిగిన సంగీత సమావేశం ఫలితంగా మ్యూజిక్ అకాడమీ పుట్టింది. డిసెంబరు కచేరీల కాలమంటే హోటళ్లు, పట్టుచీరల అంగళ్లు, సభల క్యాంటీన్లు అన్నీ కళకళలాడతాయి.

మన సంస్థానాలు 1948 తర్వాత పోయాయి. గద్వాల, వనపర్తి కవులకు హైదరాబాద్‌లో అలాంటి సభలు, అలాంటి కాలం దొరికాయా? పూర్తిగా దొరకలేదనే చెప్పాలి. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలు పెట్టింది, పుస్తకాలు వేసింది, ‘సాంఘిక చరిత్ర’ను అచ్చేసింది కూడా ఆ సంస్థే. 1961లో రవీంద్రభారతి తలుపులు తెరిచారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పెద్ద భవనాలకు లోటు లేదు. లోటు ఉన్నది చిన్న గదులకు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక కుటుంబాలకు శేరిలింగంపల్లిలో ఇళ్ల స్థలాలు దొరికాయి కాబట్టి ఆ నాటకం ఇప్పటికీ ఆడుతోంది. 2010లో బంజారాహిల్స్‌లో ఒక కుటుంబం తమ ఇంటినే లామకాన్‌గా మార్చి తక్కువ ఖర్చుకు వేదికగా ఇచ్చింది కాబట్టి పేరులేని కుర్రాళ్లు అక్కడ మొదటి నాటకం ఆడుకోగలుగుతున్నారు. ఈ రెండింటిలోనూ పనిచేసింది 1918 నాటి రెడ్డి హాస్టల్ సూత్రమే: మనిషికి ముందు చోటు.

పట్నమే ఎప్పుడూ మధ్యలో ఉండాలా అంటే, అక్కరలేదు. 1953 జనవరిలో సారస్వత పరిషత్తు వార్షిక సభలు అలంపురంలో జరిగాయి. తుంగభద్ర ఒడ్డున, బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాల ఊరు. గడియారం రామకృష్ణశర్మ పూనుకుని నడిపించారు. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. ఓరుగల్లు కవి పుస్తకాన్ని విశాఖ కవి అలంపురంలో ఆవిష్కరిస్తే హైదరాబాద్ పండితులు రైలెక్కి వచ్చి చూశారు. ఆనాడు హైదరాబాద్ తగ్గలేదు. దాని సంస్థ ఒకటి ఊరు దాటి రావడంతో ఇంకాస్త పెద్దదయింది.

ఈ చరిత్ర నుంచి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. జిల్లాల నుంచి వచ్చే కళాకారులు నాలుగు రోజులు ఉండి, తిని, సాధన చేసుకునే వసతిగృహం ఒకటి హైదరాబాద్ నడిబొడ్డున కావాలి, ఈసారి ఏ కులం పేరూ లేకుండా. సర్కారు హాళ్లలో వారానికి ఒక సాయంత్రం జిల్లా బృందాలకు అద్దె లేకుండా ఇవ్వాలి. పారితోషికం బస్సెక్కేలోపు చేతిలో పెట్టాలి. బిల్లు పాసయ్యేదాకా ఆగమనడం కిన్నెర వాయించేవాడికి ఉపవాసం ఉండమనడమే. కిన్నెర, బుర్రవీణ నేర్చుకునే పిల్లలకు నెలనెలా భత్యం ఇచ్చి గురువు దగ్గర కూర్చోబెట్టాలి. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఏటా ఒక నిశ్చితమైన వారం సభలు జరగాలి, వాటికి పట్నం రావాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేని పని ఒకటి ఉంది. ‘గోలకొండ’ పత్రిక మొదలై 2026 మే 10కి నూరేళ్లు. ఈ రెండు జిల్లాల్లో పాత గడీల్లో, వకీళ్ల బీరువాల్లో, పంతుళ్ల ట్రంకు పెట్టెల్లో ఆ సంచికలు ఇంకా ఉండి ఉండవచ్చు. 1934 నాటి కవుల సంచికకు పద్యం పంపిన తాతల ఉత్తరాలూ, రాతప్రతులూ ఉండవచ్చు. చెదలు పట్టకముందే వాటిని దులిపి చూడండి. దొరికితే దగ్గర్లోని జిల్లా గ్రంథాలయానికి గాని, విశ్వవిద్యాలయానికి గాని అప్పగించి స్కాన్ చేయించండి. ఊళ్లో పాడేవాళ్లు, చెప్పేవాళ్లు ఎవరున్నారో పేరు, ఊరు, వయసు, వాయిద్యం ఒక కాగితం మీద రాసి దానితో పాటు పంపండి.